ఓజోన్ నీళ్లు తెలుసా? అయితే ఈ ప్రశ్నకు జవాబు చెప్పండి!

రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లారనుకుందాం. ‘ఓజోన్ నీళ్లతో కడిగాక కూడా రొయ్యలపై బ్యాక్టీరియా కనిపించింది. ఎందుకు?’ అని అడిగారు. ‘మెషీన్ పాడైందేమో సార్’ అంటే ఉద్యోగం చేజారినట్టే!

ఏమిటీ ఓజోన్?
మూడు ఆక్సిజన్ పరమాణువులు కలిస్తే ఓజోన్. నీటిలో కరిగిస్తే సూక్ష్మజీవుల కణపొరను ఛేదించి చంపుతుంది. ఆపై ఆక్సిజన్‌గా మారిపోతుంది. నిల్వ చేయలేం కాబట్టి ఎక్కడికక్కడే తయారుచేసుకోవాలి. ఫ్రాన్స్‌లోని నీస్ నగరం 1906లోనే తాగునీటి శుద్ధికి దీన్ని వాడింది. ఆహార పదార్థాల శుద్ధికి అమెరికా ఎఫ్‌డీఏ 2001లో అనుమతిచ్చింది. ఇప్పుడు కూరగాయలు కడగడానికి, డ్రిప్ పైపుల్లో పేరుకున్న పాచి వదిలించడానికి, హేచరీల్లో నీటి శుద్ధికీ వాడుతున్నారు.

కిటుకు ఇక్కడే
నీళ్లలో మురికి, రక్తం, పొట్టు ఉంటే ఓజోన్ ముందు వాటితోనే ఖర్చయిపోతుంది. బ్యాక్టీరియా దాకా చేరేది తక్కువే. నీళ్లు వేడెక్కితే సరిగా కరగదు, త్వరగా విరిగిపోతుంది కూడా. అందుకే ముందు మామూలు నీళ్లతో కడగాలి. చల్లటి నీళ్లు వాడాలి. ఓజోన్ మోతాదును మెషీన్ దగ్గర కాదు, రొయ్య తడిసే చోట కొలవాలి. ఇంటర్వ్యూలో చెప్పాల్సిన జవాబు ఇదే.

ఇంకో మాట: రొయ్య కండలో చేరిన యాంటీబయాటిక్ అవశేషాలను ఏ నీళ్లతో కడిగినా పోగొట్టలేం. వాటిని చెరువు దగ్గరే ఆపాలి. హేచరీలదీ ప్రత్యేక సమస్యే. సముద్రపు నీటిలోని బ్రోమైడ్‌తో ఓజోన్ కలిస్తే పిల్లలకు హాని చేసే పదార్థాలు మిగులుతాయి. వాటిని యాక్టివేటెడ్ కార్బన్‌తో తొలగించాకే నీళ్లు ట్యాంకుల్లోకి వదలాలి.

భద్రత ముఖ్యం
ఓజోన్ గాలిలోకి లీకైతే ఊపిరితిత్తులకు ప్రమాదం. ఎనిమిది గంటల షిఫ్టులో సగటున 0.1 పీపీఎం దాటకూడదన్నది అమెరికా కార్మిక భద్రతా ప్రమాణం. ఘాటు వాసన వస్తే ‘అలవాటైపోతుందిలే’ అనుకోవద్దు, వెంటనే బయటికి రండి.

ఏం చదవాలి?
మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, ఫుడ్ టెక్నాలజీ, ఫిషరీస్ విద్యార్థులకు ఇది సరిపోయే రంగం. నరసాపురంలో ఫిషరీస్ యూనివర్సిటీ, బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ కళాశాల ఉన్నాయి. సీఐఎఫ్‌టీకి విశాఖలో పరిశోధన కేంద్రం ఉంది. హెచ్‌ఏసీసీపీ శిక్షణ, బ్యాక్టీరియా లెక్కింపు, ఇండిగో పద్ధతిలో ఓజోన్ కొలవడం... ఈ మూడూ చేతికొస్తే రెజ్యూమె బరువు పెరుగుతుంది.

మెషీన్ కొనడం యజమాని పని. అది ఎప్పుడు పనిచేయదో చెప్పగలగడం మీ పని. జీతం ఇచ్చేది దానికే!