త్రియేక దేవుడును సృష్టియును

మునేటికిని పాలేటికిని నడుమ, ప్రత్తియు మిరపయు పండు మెట్టచేలతోను సున్నపురాతి గుట్టలతోను కృష్ణకు ఉత్తరపు గట్టున ఒరిగియున్న నందిగామ, జగ్గయ్యపేటల సీమయందు, నిన్నమొన్నటి వఱకు కృష్ణాజిల్లాలో నుండి 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఈ మెట్టనేలయందు, ‘ఈ లోకమును చేసినవాడెవడు?’ అను ప్రశ్నకు ఏ కాలముననైనను ఒక్కటే సమాధానము వినబడినట్లు తోచదు. జగ్గయ్యపేట చెంత ధనబోడు గుట్టపై 1882లో బర్జెస్ దొర త్రవ్వించిన బౌద్ధస్తూపము కలదు. ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని ఇరువదియవ రాజ్యసంవత్సరమున సిద్ధార్థుడను శిల్పి అచ్చట ఆయకస్తంభములను నిలిపినట్లు వానిపైని శాసనమే చెప్పుచున్నది. ఆ స్తూపమునకు ప్రదక్షిణము చేసినవారు బుద్ధుని, ధర్మమును, సంఘమును శరణు వేడిరే కాని, జగత్తునకు కర్త యొకడున్నాడని ఒప్పుకొన్నవారు కారు. అచ్చటికి ఎంతో దూరము లేని కృష్ణాతీరపు వేదాద్రియందు కథ వేఱు: సోమకాసురుడు బ్రహ్మ యొద్దనుండి వేదములను అపహరింపగా విష్ణువు మత్స్యరూపమున వానిని మరల్చెననియు, ఆ వేదముల ప్రార్థన మేరకే నరసింహస్వామి ఇచ్చట వెలసెననియు స్థలపురాణము. అందు సృజించువాడు చతుర్ముఖుడు, రక్షించువాడు వేఱొకడు.

ఇట్టి నేలకు పందొమ్మిదవ శతాబ్ది నడుమ క్రైస్తవము వచ్చి, దేవుడొక్కడే యనియు, ఆ యొక్కడే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ యనియు, సృష్టి ఆ మువ్వురి అవిభక్తకార్య మనియు బోధించినప్పుడు, వినువారికి కలిగిన చిక్కు సామాన్యమైనది కాదు. అన్యమతస్థుల మాట యటుండ, ప్రతి ఆదివారము తప్పక గుడికి పోవువారిలోను పెక్కుమంది ఈ సంగతి అడిగినచో పాదిరిగారి వైపు చూతురు. పాదిరిగారు పైకప్పు వైపు చూచుటయు కద్దు.

ఈ ప్రాంతపు క్రైస్తవచరిత్రకు నందిగామ చేరువనున్న రాఘవాపురము ఆదిస్థానము. 1841లో రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు అను ఇంగ్లీషు పాదరులు చర్చి మిషనరీ సొసైటీ పక్షమున బందరులో దిగిరి. 1843లో నోబులు అగ్రవర్ణుల బాలుర కొఱకు బడి తెఱచెను. ఏండ్లు గడచుచున్నను పల్లెలలో చెప్పుకోదగిన ఫలితము కనబడలేదు. అట్టి తరి 1859లో, బెజవాడయందుండిన డార్లింగు పాదిరి యొద్దకు రాఘవాపురపు మాలపల్లెవాడగు పగోలు వెంకయ్య తనవారిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆతనికి బడి లేదు, గ్రంథము లేదు, ఊరిగుడి గడప దాటు అధికారమే లేదు. అయినను, క్రీస్తు పేరైనను చెవినిబడక పూర్వమే ఆతడు విగ్రహములను విడిచి, పేరెఱుగని సృష్టికర్తను ‘నీ వెవడవో నాకు తెలియజేయు’మని వేడుకొనుచుండెనని సంఘచరిత్రకారులు వ్రాయుదురు. డార్లింగు చెప్పినది విని, తాను వెదకుచున్నవాడు ఈతడే యని నమ్మి, ఆతడును ఆతనివారును బాప్తిస్మము పొందిరి. తరువాతి కాలమున మెట్టపల్లెలలో వేలకువేలు క్రైస్తవమున చేరిన ఉద్యమమునకు మొదటి వేరు అక్కడనే యున్నది.

వెంకయ్య వెదకినది ఒక్కనిని. ఆతనికి బాప్తిస్మ మిచ్చునపుడు పాదిరి పలికినది తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామము. ఒక్కని అడిగినవానికి మువ్వురు దొరకుట యెట్లు? ఈ ముడిని ఆతడు తర్కముతో విప్పుకొనియుండడు. అయితే త్రిత్వసిద్ధాంతము పుట్టిన తీరును సరిగా ఇదియే. మొదటి క్రైస్తవులు యూదులు. దేవుడు అద్వితీయుడని దినదినము వల్లించువారు. ఆ నోటితోనే వారు పునరుత్థానుడైన యేసును ప్రభువని కొలిచిరి, తమలో పనిచేయుచున్న ఆత్మను దేవుని ఆత్మయే యని ఎఱిగిరి, చేరినవారికి మూడు నామముల బాప్తిస్మ మిచ్చిరి. ఆచారము ముందు నడచెను. దాని వెంట వివరణ మూడువందల యేండ్లు కుంటుచు వచ్చెను. సిద్ధాంతమును ముందు చెప్పి ఆచారమును పిమ్మట చూపు మన ప్రబోధకులు, నా యభిప్రాయమున, బండిని ఎద్దులకు ముందు కట్టుచున్నారు.

ఆ వివరణ యేమన్నదో చెప్పుటకు ముందు, ఏమనలేదో చెప్పుట మేలు. త్రిత్వమనగా ముగ్గురు దేవుళ్లు కారు. త్రిమూర్తులవలె సృష్టిస్థితిలయములను పంచుకొన్న ముగ్గు రధికారులును కారు. తండ్రి సృజించి, కుమారుడు రక్షించి, ఆత్మ మఱియొకటి చేయునను భావము క్రైస్తవుల యిండ్లలోనే వ్యాపించియున్నను, అది సంఘపు సిద్ధాంతము కాదు. వీధిప్రసంగములలో తఱచు వినబడు ఉపమానమొకటి కలదు: నీరు ఒకటే, అది మంచుగడ్డయు నగును, ఆవిరియు నగును, దేవుడును అంతే యని. విన సొంపుగ నున్నది. కాని మూడవ శతాబ్దిలో సబెల్లియసు అనువాడు ఇట్టిదే చెప్పి సంఘముచే త్రోసివేయబడెను. ఒకే నీరు ఒకే వేళ మూడు స్థితులలో నుండదు; యేసు యొర్దాను నదిలో మునిగి లేచినపుడు కుమారుడు నీటిలో నిలిచియుండగా, ఆత్మ దిగివచ్చుచుండగా, తండ్రి స్వరము పైనుండి వినవచ్చెనని సువార్తలు చెప్పుచున్నవి. ఒకే దైవస్వభావము సంపూర్ణముగా మువ్వురియందును ఉన్నది. మువ్వురును వేఱు వేఱు వ్యక్తులు. తండ్రి కుమారుడు కాడు, కుమారుడు ఆత్మ కాడు. ఇంతకు మించి ఉపమానములతో దీనిని సులభము చేయ ప్రయత్నించినవారు ప్రాయికముగా దానిని చెడగొట్టిరి.

ఈ సిద్ధాంతమునకు సృష్టితో నేమి పని? చాల గలదు, నిజమునకు సృష్టి ప్రశ్నయొద్దనే ఇది తేలినది. ఆదికాండపు తొలి వచనములలో దేవుడు సృజించుట, ఆయన ఆత్మ జలములపై అల్లాడుట, ఆయన పలుకగా వెలుగు కలుగుట ఒక్కచోటనే యున్నవి. కీర్తనకారుడు ఆకాశములు దేవుని వాక్కుచేతను నోటి యూపిరిచేతను కలిగెనని పాడెను. యోహాను తన సువార్తను అదే ‘ఆది’తో మొదలిడి, ఆ వాక్యము దేవుని యొద్దనుండెననియు, సమస్తమును ఆ వాక్యము మూలముగనే కలిగెననియు, ఆ వాక్యమే శరీరధారియై వచ్చెననియు వ్రాసెను. పౌలు కొలొస్సయులకు వ్రాసిన లేఖయందు కంటికి కనబడునవియు కనబడనివియు కుమారుని ద్వారా, కుమారుని కొఱకు సృజింపబడె ననెను. నజరేతు వడ్రంగి యొకని గూర్చి ఆతని మరణానంతరము కొలది దశాబ్దములకే ఇట్టి మాట పుట్టుట చరిత్రలో ఆశ్చర్యము గొలుపు విషయములలో నొకటి.

రెండవ శతాబ్ది చివర, గాల్ దేశపు లియోనులో అధ్యక్షుడైన ఐరేనియసు ఎదుర్కొన్నవారు, ఈ భౌతికలోకము హేయమనియు, పరమదేవుడు దీనిని ముట్టియుండడనియు, అల్పుడైన వేఱొక దేవత దీనిని చేసె ననియు చెప్పువారు. వారికాతడు ఇచ్చిన బదులు: దేవునికి దేవదూతల కూలి యక్కఱ లేదు, కుమారుడును ఆత్మయును ఆయన రెండు చేతులు, ఆ చేతులతోనే మంటిని ముట్టి మనుష్యుని చేసెను. ఈ మాటలో మట్టికి కలిగిన గౌరవమును గమనింపవలెను. పల్లెలో ముట్టరానివాడను పేరు మోసినవానికి, దేవుడు తన్ను స్వయముగా ముట్టి చేసెనను బోధ ఎట్లు వినబడియుండునో వేఱుగ చెప్ప నవసరము లేదు.

అసలు తుపాను నాలుగవ శతాబ్దిలో రేగినది. అలెగ్జాండ్రియా నగరమున ఆరియసు అను గురువు, కుమారుడు గొప్పవాడే, లోకమంతయు ఆతని ద్వారానే కలిగెను, అయినను ఆతడును సృజింపబడినవాడే, ఆతడు లేని సమయ మొకటి యుండెను, అని బోధించెను. ఓడవాండ్రును తిరుగలి త్రిప్పువారును పనివేళ పాడుకొనునట్లు తన బోధకు పాటలు సయితము కట్టెనని ప్రాచీనులు వ్రాసిరి. పాట బలమెట్టిదో తెలుగువారికి తెలియనిది కాదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు లేకున్నచో మన పల్లెల క్రైస్తవము మూగదై యుండెడిది. ఆరియసు వాదము పైకి వినయముగ కనబడును: దేవు డొక్కడే కావలెను గదా, కుమారుని ఒక మెట్టు క్రింద నుంచిన నేమి? ఈ వాదమును ఎదుర్కొన్నవాడు అతనేసియసు అను సంఘాచార్యుడు. ఆతని వాదసారమిది: ఉన్నవి రెండే తెగలు, సృష్టికర్తయు సృష్టియు, నడుమ మెట్టు లేదు. కుమారుడు సృష్టియైనచో సృష్టి సృష్టిని సృజించుట అసంభవము, సృష్టిని పూజించుట విగ్రహారాధనము. కావున లోకమును చేసినవాడని ఒప్పుకొనినంతనే ఆతనిని దేవుడని ఒప్పుకొనక తీరదు. 325లో కాన్‌స్టంటైను చక్రవర్తి నీకయలో కూర్చిన మహాసభ, కుమారుడు జనితుడే కాని సృష్టుడు కాడనియు, తండ్రితో ఏకతత్త్వము గలవాడనియు, సమస్తమును ఆతని ద్వారా కలిగెననియు నిర్ణయించెను. 2025తో ఆ సభకు 1,700 ఏండ్లు నిండినవి.

సభ ముగిసినది గాని వివాదము ముగియలేదు. ఆరియసు పక్షమును చక్రవర్తులే పట్టుటవలన అతనేసియసు అయిదు మారులు ప్రవాసమునకు పోవలసి వచ్చెను. తరువాత ప్రశ్న ఆత్మ మీదికి మఱలినది. కప్పదొకియ సీమకు చెందిన బసీలు ఆత్మను గూర్చిన తన గ్రంథమున, సృష్టికి తండ్రి మూలకారణము, కుమారుడు నిర్మాణకారణము, ఆత్మ పరిపూర్తికారణ మనెను. వెంటనే, ఇది మూడు ఆదికారణములని అర్థము చేసికొనవలదని హెచ్చరించెను. 381 నాటి కాన్‌స్టాంటినోపిలు సభ ఆత్మను ప్రభువని, జీవదాత యని ఒప్పుకొన్నది. అటుపిమ్మట అగస్టీను, దేవుడు తనకు వెలుపల చేయు కార్యములలో మువ్వురును విడదీయరానివారని స్పష్టము చేసెను. విశ్వాసప్రమాణమున తండ్రిని భూమ్యాకాశముల సృష్టికర్త యని విశేషించి చెప్పుట మూలము ఆయనయందుండుటచేతనే. తక్కిన యిరువురు అప్పు డూరక యుండిరని కాదు.

మన వేదాంతము చదివిన పాఠకునకు ఇచ్చట ఒక ప్రశ్న తోచును. లోకము దేనితో చేయబడెనో అది ఉపాదానకారణము, ఎవనిచే చేయబడెనో ఆతడు నిమిత్తకారణము. అద్వైతులును విశిష్టాద్వైతులును బ్రహ్మమునే రెండు కారణములుగను ఒప్పుదురు. క్రైస్తవమున ఉపాదానమే లేదు: ముందున్న పదార్థము నుండి గాని, తన తత్త్వము నుండి గాని కాక, దేవుడు శూన్యము నుండి సృజించెను. మఱి యెందులకు సృజించెను? బృహదారణ్యకమున, ఆదియం దొంటిగా నున్న పురుషుడు ఆ యొంటితనమున రమింపక రెండవవానిని కోరెనను గంభీరమైన ఘట్టమొకటి కలదు. త్రిత్వవాది దీనికి వేఱొక దారి పట్టును. దేవు డెన్నడును ఒంటరివాడు కాడు. లోకము లేనపుడును తండ్రి కుమారుని ప్రేమించుచుండెను, ఆ ప్రేమ ఆత్మయందు పూర్ణమై యుండెను. కావున ఆయనకు లోకముతో తీరవలసిన కొఱత లేదు. లోక ముండుట కేవలము ఆయన యిచ్చవలన. లీలావాదమునకు ఇది కొంత దగ్గఱయే. కాని ఇది ఆటకన్న దానమును పోలినది. ఏకాకియైన దేవుడు ప్రేమ కొఱకు సృజించినచో సృష్టి ఆయన యక్కఱ యగును. త్రియేకుడు సృజించినచో అది వరమగును. ఈ సిద్ధాంతమునకు గల తాత్త్విక బలమంతయు ఈ యొక్క స్థలముననే యున్నదని నా తలంపు.

దీనిని ఒప్పనివారు మనదేశమున తక్కువవారు కారు. 1820లో రామమోహనరాయలు యేసు నీతిబోధలను మాత్రమే ఏర్చి ప్రకటింపగా సెరాంపూరు మిషనరీ మార్ష్‌మన్ వాదమునకు దిగెను. ఆ సందడిలో విలియం ఆడం అను మిషనరీయే త్రిత్వమును విడిచి రాయల పక్షమున చేరెను. ఇందుకు భిన్నముగ 1898లో బ్రహ్మబాంధవ ఉపాధ్యాయుడు త్రిత్వమును సచ్చిదానందముగా సంస్కృతమున కీర్తించెను. అయినను మన తెలుగుదేశముననే యేసు నామమున మాత్రమే బాప్తిస్మమిచ్చి మూడు నామములను నిరాకరించు సంఘములును కలవు.

నందిగామ మెట్టలో ఈ సిద్ధాంతము తార్కికుల చేత కాక పంచాంగము చేతను పంట చేతను నిలిచినది. పెంతెకొస్తు పండుగకు మరుసటి ఆదివారము త్రిత్వ ఆదివారము. అది మే 17కును జూన్ 20కిని నడుమ పడును. అనగా పెక్కు సంవత్సరములలో మృగశిర కార్తె అటునిటు. తొలకరి పడినదో లేదో యని రైతు మొగము మొగులు వైపున నుండు దినములు. వాన పడిన యేట ఆ ఆదివారమున ప్రత్తిగింజలు నాటువారే యెక్కువ, గుడిలో బల్లలు ఖాళీ. త్రిత్వముపై ఏడాది కొకమారు వచ్చు ప్రసంగమును కూలికి పోయినవారు విననేలేరు.

వారు దానిని వినునది కోతల పండుగనాడు. 1912లో దోర్నకల్లునకు అధ్యక్షుడైన అజరయ్యగారి నాటినుండి గ్రామసంఘములలో వేళ్లూనిన ఈ పండుగ, 1947లో దక్షిణ ఇండియా సంఘ మేర్పడిన పిమ్మటను తగ్గలేదు. బల్లముందు వడ్లబస్తాయు, ఎండుమిరప గంపయు, తీగతో కోసిన గుమ్మడికాయయు, కాళ్లు కట్టిన కోడిపుంజును ఉంచుదురు. మిరపఘాటునకు ముందు వరుసవారు తుమ్ముచుండగనే పాదిరిగారు కృతజ్ఞతాప్రార్థన చదువుదురు. ఆ ప్రార్థన తండ్రికి, కుమారుని ద్వారా, ఆత్మయందు చేయబడును. బసీలు చెప్పిన క్రమమున లోకము తండ్రినుండి, కుమారుని ద్వారా, ఆత్మయందు వచ్చినది. కృతజ్ఞత అదే బాటను వెనుకకు నడచుచున్నది. ‘ఆమెన్’ అన్న వెంటనే వేలము మొదలగును. కోడిపుంజునకు బజారుధరకు రెండింతలు పలికినను ఎవరును ఆశ్చర్యపడరు, ఆ సొమ్ము సంఘపు పద్దులో జమ యగును.