4.3 దవడలు లేని చేపలు: ఆహార సేకరణ

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల చేపల అంగళ్లలో పాపెరను మీరు చూసే ఉంటారు. కోస్తాలో దీన్ని బొమ్మిడాయి అంటారు. పాములా పొడవుగా ఉన్నంత మాత్రాన దీన్ని లాంప్రేతో కలిపి సైక్లోస్టోమేటాలో చేర్చకూడదు. నోరు తెరిచి చూడండి: రెండు దవడలూ ఉంటాయి. తలకు ఇరువైపులా మొప్ప మూత, దాని వెనక ఉరో వాజం కనిపిస్తాయి. లాంప్రేలో ఇవేవీ లేవు. దాని మొప్ప రంధ్రాలు పక్కకు ఏడు చొప్పున విడివిడిగా తెరుచుకుంటాయి. నాసికా రంధ్రం తలపై ఒక్కటే. గోదావరిలో గాని మానేరులో గాని లాంప్రేలు దొరకవు. అవి ప్రధానంగా సమశీతోష్ణ మండలపు చల్లని నీటి జీవులు. అందువల్ల ప్రయోగశాలలో సీసాలోని నమూనానే మీకు ఆధారం.

దవడలు లేని జీవి ఎలా తింటుంది? సముద్ర లాంప్రే (పెట్రోమైజాన్) గరాటు వంటి నోటితో మరో చేప ఒంటికి అతుక్కుంటుంది. నోటిలోని కొమ్ము పదార్థపు పళ్లతో పట్టు బిగించి, పళ్లున్న నాలుకతో చర్మాన్ని గీకి రక్తం పీలుస్తుంది. రక్తం గడ్డకట్టకుండా దాని లాలాజలం అడ్డుకుంటుంది. మరి నోరు మూసుకుపోతే శ్వాస ఎలా? నీరు మొప్ప రంధ్రాల గుండానే లోపలికి వచ్చి, వాటి గుండానే బయటకు పోతుంది. పరీక్షలో విద్యార్థులు తరచుగా వదిలేసే అంశం ఇదే. లాంప్రేలన్నీ రక్తం తాగుతాయని కూడా అనుకోకండి. కొన్ని జాతులు ప్రౌఢ దశలో అసలేమీ తినవు.

డింభకం అమ్మోసీట్ తీరు వేరు. కళ్లు సరిగా కనిపించని ఈ జీవి వాగు అడుగున బురదలో కొన్నేళ్లపాటు దాగి, నీటిలోని సూక్ష్మ ఆహారాన్ని వడగట్టుకుని తింటుంది. ఈ జీవిత చరిత్ర తెలియడం ఉత్తర అమెరికాలో అక్కరకొచ్చింది. వెలాండ్ కాలువ దారి ఇవ్వడంతో 1921 నాటికి ఈరీ సరస్సు చేరిన సముద్ర లాంప్రేలు పై సరస్సులకూ పాకి, ట్రౌట్ చేపల వేటను దెబ్బతీశాయి. విశాలమైన సరస్సుల్లో ప్రౌఢ జీవులను పట్టడం కష్టం. డింభకాలు మాత్రం వాగుల్లోనే ఉంటాయి. అందుకే 1958 నుంచి వాగుల్లో టీఎఫ్ఎం అనే రసాయనం కలిపి వాటిని చంపుతున్నారు.

హాగ్ ఫిష్ (మిక్సిన్) పూర్తిగా సముద్ర జీవి. సముద్రపు పురుగులను, చచ్చిన చేపలను తింటుంది. తోకవైపు ఒళ్లు ముడివేసి, ఆ ముడిని తలవైపు జరిపి, కళేబరానికి ఆనించి మాంసాన్ని చీలుస్తుంది. దవడలు చేయాల్సిన పనిని ముడి చేస్తుందన్నమాట. దీనిలో డింభక దశ లేదు.