మధుమేహము గలవారు - కంటి శుక్లముల ఆపరేషను

శుక్లము ముదిరిన పిదపనే తీయింపవలెనని మన పల్లెలలో పెద్దలు చెప్పుచుందురు. పూర్వపు పద్ధతికి ఆ మాట తగియుండెను. నేడు, ముఖ్యముగా జనులు షుగరు అని పిలుచు మధుమేహము గలవారికి, అది హానికరము. కారణమును సభ్యులు శ్రద్ధతో గ్రహింతురు గాక.

కంటి ముందుభాగమున స్వచ్ఛమగు కటకము కలదు. వెలుతురు దానిగుండ లోనికి పోవును. వెనుకభాగమున రెటీనా యను పలుచని తెర కలదు. ఆ వెలుతురును గ్రహించునది యిదియే. కటకము మసకబారుటయే శుక్లము. మధుమేహము గలవారికిది యితరులకంటె ముందుగా వచ్చును. అంతియేగాక, ఏండ్ల తరబడి నెత్తురులో చక్కెర హెచ్చియున్నచో రెటీనాలోని సన్నని రక్తనాళములు చెడి, వానినుండి నీరును నెత్తురును కారి, తెర వాచును. దీనికి నొప్పి యుండదు. ఆరంభమున చూపును తగ్గదు.

ఆపరేషనులో డాక్టరు మసకబారిన కటకమును తీసి కృత్రిమ కటకము నమర్చును. ఈ పద్ధతిని 1949లో లండనునందు హెరాల్డ్ రిడ్లీ అను వైద్యుడు ఆరంభించెను. అయితే దీనిచే బాగుపడునది కటకము మాత్రమే. బోదెలో పూడిక తీసినచో నీరు పారును. చేను చౌడుబారియున్నచో నీరు పారినను పంట రాదు. అట్లే, రెటీనా చెడనివారికి మధుమేహమున్నను చూపు తక్కినవారికి వలెనే చాలవరకు బాగుపడును. రెటీనా నడిమిభాగము వాచినవారికి చూపు కొంతయే వచ్చును. ఆపరేషను పిదప ఆ వాపు హెచ్చుటయు కలదు. ఆపరేషను చెడిపోయినదని చెప్పుకొను సందర్భములు కొన్నింటికి అసలు కారణమిదియే.

శుక్లము బాగుగ ముదిరినచో డాక్టరునకు రెటీనా కనబడదు. లేజరు చికిత్సకును వీలుండదు. అల్ట్రాసౌండు పరీక్షచే కొంత తెలియునేగాని, సన్నని నాళముల స్థితి తెలియదు. కావున ముదురువరకు వేచియుండరాదు.

మధుమేహముగల సభ్యులు పాటింపవలసినవి:

1. చూపు బాగున్నను, ఏటికొకమారు కంటిలో చుక్కలు వేయించుకొని రెటీనాను పరీక్ష చేయించుకొనవలెను.

2. రెటీనాలో దోషమున్నచో, డాక్టరు చెప్పిన లేజరు చికిత్సనుగాని కంటి యింజెక్షనులనుగాని వీలైనంతవరకు ఆపరేషనుకు ముందే పొందవలెను.

3. చక్కెరను, రక్తపు పోటును నెలల తరబడి అదుపులో నుంచవలెను. ఆపరేషను దినము దగ్గరపడినదని పస్తులుండి చక్కెరను హఠాత్తుగా తగ్గింప జూడరాదు. ఇన్సులినుగాని మాత్రలుగాని స్వబుద్ధితో మానరాదు.

4. మధుమేహము గలవారి కంటికి ఆపరేషను పిమ్మట చీము పట్టు అపాయము హెచ్చు. చుక్కలను చెప్పినట్లు వేసికొనవలెను. డాక్టరు అనుమతించువరకు కంటికి నీరు తగులనీయరాదు. కళ్ళములకును పెంటదిబ్బల యొద్దకును పోరాదు. నొప్పి, ఎరుపు, చూపు తగ్గుట కనబడిన దినముననే ఆస్పత్రికి పోవలెను.

5. చూపు వచ్చినదని తృప్తిపడి యూరకుండక, డాక్టరు చెప్పిన గడువునకు మరల రెటీనాను చూపించుకొనవలెను.

ఆపరేషనుకు దినము నిర్ణయించుకొనునప్పుడే "నా రెటీనా ఎట్లున్నది? నాకు ఎంత చూపు రావచ్చును?" అని డాక్టరును సంకోచింపక అడుగుడు.