సీతాకోకచిలుకకై మూడు దేశముల పొత్తు

మన ఊళ్ళ శివారులలో, బాటల ప్రక్కన జిల్లేడు మొక్క విరివిగా పెరుగును. దాని ఆకును త్రుంచినచో తెల్లని పాలు కారును. ఆ పాలలో గుండెపై పనిచేయు విషద్రవ్యములు ఉన్నవి. అయినను, నారింజ రంగు రెక్కలపై నల్లని అంచులు గల సీతాకోకచిలుక ఒకటి ఈ మొక్కను వెదకికొని వచ్చి దాని ఆకులపై గ్రుడ్లు పెట్టుటను మన విద్యార్థులు చూచియే ఉందురు. ఆ గ్రుడ్లనుండి వచ్చు గొంగళిపురుగులకు జిల్లేడు ఆకే ఆహారము.

ఈ సీతాకోకచిలుకకు దగ్గరి చుట్టమొకటి ఉత్తర అమెరికా ఖండములో కలదు. దాని పేరు మోనార్క్. శాస్త్రజ్ఞులు ఈ రెండింటిని ‘డానస్’ అను ఒకే ప్రజాతిలో చేర్చిరి. మోనార్క్ గొంగళిపురుగులు కూడ జిల్లేడు కుటుంబమునకు చెందిన పాలమొక్కలనే తిని, వానిలోని విషమును తమ శరీరములో నిలువచేసికొనును. అందుచే పక్షులు వానిని తినుటకు సాధారణముగా జంకును.

అరగ్రాము బరువైనను సరిగా తూగని ఈ ప్రాణిని కాపాడుటకు కెనడా, అమెరికా సంయుక్త రాష్ట్రములు, మెక్సికో దేశములు ఒక పొత్తు కుదుర్చుకొనవలసి వచ్చినది. పురుగును కాపాడుటతో ఆ పని ముగియలేదు. అది శీతకాలము గడపు కొండల చుట్టును బ్రదుకు గ్రామస్థులకు జీవనోపాధి చూపుటయు, దానిని చూడ వచ్చు యాత్రికులను అదుపులో ఉంచుటయు ఆ పనిలో భాగములైనవి. అది ఎట్లు జరిగినదో, ఎంతవరకు ఫలించినదో ఈ వ్యాసములో పరిశీలింతము.

వేయి క్రోసుల ప్రయాణము

రాకీ పర్వతములకు తూర్పున పుట్టిన మోనార్కులు శరదృతువు రాగానే దక్షిణమునకు బయలుదేరును. కెనడాలోని సరస్సుల ప్రాంతమునుండి మెక్సికో మధ్యభాగమునకు సుమారు 4,000 కిలోమీటర్ల దూరము కలదు. వేసవిలో పుట్టిన మోనార్క్ కొద్ది వారములే జీవించును. కాని ఆగస్టు, సెప్టెంబరు నెలలలో పుట్టిన తరము ఏడెనిమిది నెలలు బ్రదుకును. సంతానోత్పత్తిని వాయిదా వేసికొని, దారిలోని పూల మకరందమును త్రాగి, క్రొవ్వు కూడబెట్టుకొనుచు ఈ తరము ప్రయాణించును.

మార్చి నెలలో ఇవి ఉత్తరమునకు మరలి, మెక్సికో ఉత్తరభాగమునందును, టెక్సాస్ రాష్ట్రమునందును గ్రుడ్లు పెట్టి మరణించును. వాని పిల్లలు, పిల్లల పిల్లలు అంచెలంచెలుగా కెనడా వరకు చేరును. మరల శరత్తులో దక్షిణమునకు వచ్చునవి వెనుకటి యేడు వచ్చిన వాని మునిమనుమలు. ఎన్నడును చూడని కొండకు అవి దారి యెరిగి వచ్చును. సూర్యుడే వానికి దిక్సూచి. సూర్యుని స్థానము గంటగంటకు మారును గనుక దిక్కు తప్పకుండుటకు గడియారము కూడ కావలెను. ఆ గడియారము వాని తలపై మీసముల వలె కనిపించు స్పర్శశృంగములలో ఉన్నదని 2009లో ప్రకటితమైన ప్రయోగములవలన తెలిసినది.

ఇవి ఎక్కడికి పోవుచున్నవో శాస్త్రలోకమునకు చాలకాలము తెలియలేదు. కెనడా దేశపు జంతుశాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ అర్కార్ట్, ఆయన భార్య నోరా సన్నని కాగితపు చీటీలను రెక్కలకు అంటించి విడుచు పద్ధతిని అవలంబించి, వేలకొలది ఔత్సాహికుల సాయముతో దశాబ్దములపాటు వాని త్రోవను వెదకిరి. తుదకు వారి సహాయకులు 1975 జనవరిలో మెక్సికోలోని మిచోఆకాన్ రాష్ట్రపు సరిహద్దు కొండలలో ఆ స్థావరమును చూచిరి. మరుసటి సంవత్సరము అర్కార్ట్ స్వయముగా అచ్చటికి పోగా, చీటీ అంటించిన సీతాకోకచిలుక ఒకటి ఆయన కంటబడినది. దానికి ఆ చీటీ అంటించినవారు మినెసోటా రాష్ట్రములోని ఒక పాఠశాల ఉపాధ్యాయుడును, ఆయన విద్యార్థులు ఇద్దరును! ఉపాధ్యాయులకు ఇంతకంటె ప్రోత్సాహకరమైన సంగతి వేరొకటి ఉండునా?

ఇచ్చట ఒక మాట చెప్పవలెను. లోకమునకు ఇది క్రొత్త సంగతియే కాని, ఆ కొండల క్రింద నివసించు మసావా, ఒటోమీ జాతుల ప్రజలకు క్రొత్త కాదు. నవంబరు మొదటి దినములలో, పితృదేవతలను తలచుకొను పండుగనాటికి ఇవి వచ్చును గనుక, చనిపోయిన పెద్దల ఆత్మలే ఈ రూపమున తిరిగి వచ్చునని వారి విశ్వాసము.

గొడుగు, కంబళి

సముద్రమట్టమునకు సుమారు 3,000 మీటర్ల ఎత్తున, ‘ఒయమెల్’ అను ఫర్ వృక్షముల అడవిలో ఇవి గుత్తులుగా వ్రేలాడుచు శీతకాలము గడపును. కొమ్మలు వాని బరువునకు వంగును. అచ్చటనే ఎందుకు? దీనిలో ఇమిడియున్న శాస్త్రమును గ్రహించినచో తక్కిన కథయంతయు సులభముగా బోధపడును.

ఈ నాలుగైదు నెలలు అవి తినునది బహు స్వల్పము. శరీరములోని క్రొవ్వే దీపములోని నూనె. గాలి వెచ్చనైనచో దేహము చురుకై ఆ నూనె త్వరగా తరిగిపోవును. మార్చిలో తిరుగు ప్రయాణమునకు మిగులదు. చలి మితిమీరినచో శరీరము గడ్డకట్టును. ముఖ్యముగా తడిసిన సీతాకోకచిలుక, పొడిగా ఉన్న దానికంటె చాల తక్కువ చలికే గడ్డకట్టి చచ్చును. చల్లగా ఉండవలెను, కాని గడ్డకట్టరాదు; తేమ ఉండవలెను, కాని తడియరాదు. దట్టమైన ఫర్ అడవి ఈ నాలుగు షరతులను తీర్చును. పైనున్న ఆకుల కప్పు వానకు గొడుగు. రాత్రి నేలవేడిమి ఆకాశమునకు పోకుండ ఆపు కంబళి. లావుపాటి బోదెలు పగటి వెచ్చదనమును రాత్రి కొంతసేపు నిలుపుకొనును.

కాబట్టి అడవిలో నాలుగు చెట్లు కొట్టుట యనగా కంబళికి చిల్లు పెట్టుటయే. 2002 జనవరిలో వాన కురిసి, వెంటనే గడ్డుచలి క్రమ్మగా కోట్లకొలది మోనార్కులు నేలరాలినవి. అడవి పలుచబడిన తావులలో ఇట్టి విపత్తు మరింత తీవ్రమగును.

అడవి ఎవరిది? నష్టమెవరికి?

ఈ అడవులలో అధికభాగము ప్రభుత్వముది కాదు. మెక్సికో విప్లవము తరువాత జరిగిన భూసంస్కరణల ఫలితముగా ‘ఎహిదో’ లనబడు గ్రామ సముదాయములకును, ఆదివాసి సంఘములకును ఉమ్మడిగా సంక్రమించినది. కలప, వంటచెరకు, చిన్న చిన్న మొక్కజొన్న చేలు వారి జీవనాధారములు. ప్రభుత్వము 1986లో సుమారు 16,000 హెక్టార్లను రక్షితప్రాంతముగా ప్రకటించి, అందలి కేంద్రభాగములలో కలప కొట్టుటను నిషేధించెను. గ్రామస్థులకు అడవి మిగిలినది గాని ఆదాయము పోయినది. ఆకలి ఉన్నచోట నిషేధము నిలుచునా? దొంగచాటు కలప వ్యాపారము సాగినది.

2000 సంవత్సరములో రక్షితమండలమును 56,259 హెక్టార్లకు, అనగా సుమారు 1,39,000 ఎకరములకు విస్తరించిరి. ఈసారి ఒక క్రొత్త ఏర్పాటు జరిగినది. ‘మోనార్క్ నిధి’ అను మూలధనమును స్థాపించి, కలప కొట్టు హక్కును వదలుకొన్న గ్రామములకు పరిహారమును, అడవిని కాచిన వారికి ప్రతిఫలమును ఇచ్చుట ప్రారంభించిరి. ఆ నిధిలో అమెరికాలోని దాతృసంస్థ ఇచ్చిన ధనము కూడ కలదు. అనగా, ఒక దేశపు అడవి నిలుచుటకు పొరుగుదేశపు ధనము తోడైనది. అటుపిమ్మట, పహరాయు కట్టుదిట్టమగుటచే, పెద్దయెత్తున సాగు దొంగనరకు బాగుగా తగ్గినది. 2008లో యునెస్కో ఈ మండలమును ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చెను.

యాత్రికుల రాక

రెండవ ఆదాయమార్గము యాత్రికులు. ఎల్ రోసారియో, సియెర్రా చింకువా మొదలగు కొన్ని స్థావరములను నవంబరునుండి మార్చి వరకు తెరచి ఉంచుదురు. ప్రవేశరుసుము గ్రామ సముదాయమునకు చెందును. గ్రామస్థులే దారి చూపుదురు, గుఱ్ఱములను అద్దెకిత్తురు, భోజనశాలలు, చేతిపనుల దుకాణములు నడుపుదురు. గొడ్డలి పట్టిన చేతులు అడవికి కావలి కాయుటకు ఇదియొక ముఖ్యకారణము.

అయితే యాత్రికుడు కూడ అడవికి ఒక బరువే. గుంపు అలజడి చేసినచో సీతాకోకచిలుకలు గుత్తినుండి లేచి ఎగురును. ఎగిరిన ప్రతిసారి క్రొవ్వు ఖర్చగును. చలికి ఎగురలేక నేలపై ప్రాకుచున్నవి కాలిక్రింద పడి నలిగిపోవును. గుఱ్ఱపుడెక్కలు ఎండకాలపు బాటపై లేపు ధూళి వానిపై పడును. కనుకనే యాత్రికులు మార్గదర్శి వెంటనే నడువవలెను, త్రాటి గీత దాటరాదు, మాటలు తగ్గించవలెను, మెరుపుదీపముతో ఫోటోలు తీయరాదు, గుత్తుల యెదుట కొద్దిసేపే నిలువవలెను. ఎందరిని రానిచ్చిన ఎంత రాబడి అని కాక, ఎందరు వచ్చినను మార్చినాటికి ఆ ప్రాణి దేహములో చాలినంత క్రొవ్వు మిగులునా అని అడుగవలెను. సుస్థిర పర్యాటకమను మాటకు ఇచ్చట అర్థమదియే.

ఈ ఏర్పాటులో లోపములు లేకపోలేదు. రాబడి నాలుగైదు నెలలకే పరిమితము. ద్వారమున్న గ్రామమునకు రుసుము దక్కును. అంతే అడవిని కాచుచున్నను, యాత్రికులు పోని గ్రామమునకు దక్కదు. మిచోఆకాన్ రాష్ట్రము అవకాడో పండ్లకు ప్రసిద్ధి. అమెరికా విపణిలో వానికి గిరాకి పెరుగుకొలది తోటలు కొండలపైకి ప్రాకుచు అడవిని ఒరయుచున్నవి. కావలి కాయుట అపాయకరము కూడ. ఒకప్పుడు కలప వృత్తిలో ఉండి, పిదప ఎల్ రోసారియో నిర్వాహకుడై లోకమంతటికి ఈ అడవిని పరిచయము చేసిన హోమెరో గోమెస్ 2020 జనవరిలో అదృశ్యుడయ్యెను. ఆ నెలాఖరున ఆయన మృతదేహము లభించినది.

ఒప్పందములు

మెక్సికో తన అడవినంతటిని కాపాడినను చాలదు. ఉత్తరమున పాలమొక్కలు లేనిచో దక్షిణమునకు వచ్చునవి ఉండవు. 1990 దశకము చివరినుండి అమెరికా మధ్యపశ్చిమ రాష్ట్రములలో కలుపుమందును తట్టుకొను మొక్కజొన్న, సోయా వంగడములు వ్యాపించినవి. మందు చల్లగా పైరు నిలిచినది. చేలలోని పాలమొక్కలు నశించినవి.

అందుచే పొత్తు తప్పనిసరియైనది. స్వేచ్ఛావాణిజ్యపు ఒడంబడికకు అనుబంధముగా మూడు దేశములు 1994లో పర్యావరణ సహకార సంఘమును ఏర్పరచినవి. 1995లో కెనడా, మెక్సికోలు తమ మోనార్క్ స్థావరములను ఒకే వలయముగా చేర్చినవి. ఈరీ సరస్సు ఒడ్డున మోనార్కులు గుమిగూడి గాలి అనుకూలించువరకు వేచియుండు పాయింట్ పీలీ ఉద్యానము అందులోనిదే. 2008లో ఆ సంఘము మూడు దేశములకును ఉమ్మడిగా ఒక సంరక్షణ ప్రణాళికను ప్రకటించెను. 2014లో, రక్షితమండలమునకు అంత దూరము కాని తొలూకా నగరములో సమావేశమైన ముగ్గురు దేశాధినేతలు మోనార్క్ కొరకు ఉమ్మడి కార్యవర్గమును నియమింప నిశ్చయించిరి. సంఘమునకు ఏ దేశమునైనను ఆజ్ఞాపించు అధికారము లేదు. పరిశోధన జరిపించుట, సమాచారము పంచుట, ప్రణాళిక వేయుటయే దాని పని. అమలుపరచవలసినది ఆయా ప్రభుత్వములు, రైతులు, గ్రామస్థులు.

కొలత చెప్పు సత్యము

గుత్తులలోని వానిని ఒక్కొక్కటిగా లెక్కించుట అసాధ్యము. అందువలన ప్రతి శీతకాలము అవి ఆక్రమించిన అడవి వైశాల్యమును కొలుతురు. 1996–97లో అది 18.19 హెక్టార్లు, అనగా సుమారు 45 ఎకరములు. 2013–14లో 0.67 హెక్టారు, ఎకరమున్నర కంటె కొంచెమెక్కువ! కనీసము 6 హెక్టార్లు ఉండవలెనని లక్ష్యము పెట్టుకొనిరి. 2018–19లో 6.05కు చేరినది. 2023–24లో మరల 0.90కు పడిపోయినది. మరుసటి శీతకాలమున 1.79. పొత్తు వ్యర్థమని దీని అర్థము కాదు. అది ఇంకను చాలలేదని అర్థము. వానలు, ఎండలు, పూల లభ్యత కూడ ఈ అంకెలను ఏటేటా మార్చుచుండును.

ఇక ముందున్నది మరింత పెద్ద సమస్య. భూగోళము వేడెక్కుచున్నందున ఈ శతాబ్ది చివరికి ప్రస్తుత రక్షితమండలములో ఫర్ వృక్షములకు తగిన శీతోష్ణస్థితియే ఉండకపోవచ్చునని మిచోఆకాన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు కువావ్‌తెమోక్ సాయెన్స్ రొమేరో బృందము అంచనా కట్టినది. కనుక వారు స్థానిక ఆదివాసి సంఘముల సాయముతో తొలూకా అగ్నిపర్వతముపై మరింత ఎత్తున, పొదల నీడను ఫర్ మొక్కలు నాటిరి. 3,400, 3,600 మీటర్ల ఎత్తున అవి బాగుగా నిలద్రొక్కుకొన్నవి. రేపు వచ్చు అతిథికి నేడే ఇల్లు కట్టుట వంటిది ఈ పని. మోనార్కులు ఆ చోటును స్వీకరించునో లేదో ఆ చెట్లు పెరిగిన పిదప గాని తేలదు.

అయోవా రైతు చేనిగట్టున పాలమొక్కను వదలినచో, ఎల్ రోసారియోలో దారి చూపు గ్రామస్థుని ఇంట పొయ్యి వెలుగును. ఆ గ్రామస్థుడు ఫర్ చెట్టును కాచినచో, వేసవిలో కెనడా బాలుడు తన పెరటిలో మోనార్కును చూడగలడు. ఒకరినొకరు ఎన్నడును చూడని ఈ ముగ్గురి మధ్యను సంబంధము కలుపునది అరగ్రాము ప్రాణి. దానిని నిలుపుకొనుటకు ప్రభుత్వముల సంతకములతోబాటు, అడవిని కాచువాని కూలి ఏ యేటికాయేడు చేతికందుట కూడ అవసరము.