ఎంబీల ఫొటో కేబీల్లో ఒదిగేదెలా?

జనగామ: దరఖాస్తుకు అదే చివరి రోజు. వివరాలన్నీ నింపి ఫొటో జత చేయగానే 'ఫైలు పరిమాణం ఎక్కువగా ఉంది' అంటూ తెరపై ఎర్ర అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. నోటిఫికేషన్లు వెలువడే రోజుల్లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాల్లోని ఇంటర్నెట్ కేంద్రాలకు ఇది కొత్త దృశ్యం కాదు. పాలకుర్తి, కొత్తగూడ, మహదేవపూర్ వంటి మండలాల నుంచి బస్సెక్కి వచ్చిన అభ్యర్థికి ఆ పూట దాటిందంటే మరో నోటిఫికేషన్ దాకా ఎదురుచూపే. హడావుడిగా కుదించిన ఫొటోలో ముఖం అలుక్కుపోతే దరఖాస్తుకే ముప్పు.

బ్యాంకు కొలువుల పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ తన ప్రకటనల్లో ఫొటో 20 నుంచి 50 కేబీల మధ్య, 200×230 పిక్సెళ్ల కొలతలో ఉండాలని సూచిస్తోంది. సంతకానికి 10 నుంచి 20 కేబీలే హద్దు. సెల్‌ఫోన్‌తో తీసిన ఫొటో మాత్రం తరచూ మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది.

చుక్కల లెక్క

12 మెగాపిక్సెళ్ల ఫొటో అంటే 1.20 కోట్ల రంగు చుక్కలు. ఒక్కో చుక్కకు మూడు బైట్ల చొప్పున 36 ఎంబీలు కావాలి. అది మూడు నాలుగు ఎంబీలకు దిగివస్తున్నదంటే జేపెగ్ పద్ధతి చలవే. 1992లో ప్రమాణంగా ఖరారైన ఈ పద్ధతి ఫొటోను నిలువునా అడ్డంగా ఎనిమిదేసి చుక్కల గళ్లుగా విడదీస్తుంది. ప్రతి గడిలోనూ నిదానంగా మారే వెలుగునీడలను ఒకవైపు, సూక్ష్మమైన తేడాలను మరోవైపు లెక్కగడుతుంది. కంటికి అంతగా ఆనని సూక్ష్మ వివరాలను, రంగుల్లోని చిన్నపాటి మార్పులను వదిలేస్తుంది. ఒకసారి వదిలినవి మళ్లీ రావు.

దీనికి మూలమైన గణితాన్ని 1974లో ప్రకటించిన ముగ్గురూ మనవారే: బెంగళూరులో జన్మించిన నాసిర్ అహ్మద్, ఆయన శిష్యుడు నటరాజన్, టెక్సాస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కామిశెట్టి రామమోహనరావు. అంతకు రెండేళ్ల ముందు అహ్మద్ పరిశోధనకు నిధులు కోరగా, ఆలోచన మరీ సరళంగా ఉందని అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ తిరస్కరించింది. నేడు అదే గణితం లేకుండా సెల్‌ఫోన్‌లో ఫొటో దాచుకోవడం దాదాపు అసాధ్యం.

ముందు కొలత, తర్వాతే నాణ్యత

చాలామంది పొరబడేది ఇక్కడే. ఫొటో కొలతలు తగ్గించకుండా నాణ్యతను మాత్రం అట్టడుగుకు లాగేస్తారు. 50 కేబీలంటే సుమారు 4 లక్షల బిట్లు. వాటిని 1.20 కోట్ల చుక్కలకు పంచితే 30 చుక్కలకు ఒక్క బిట్టే దక్కుతుంది. ముఖం గళ్లుగళ్లుగా విరగక ఏమవుతుంది? అదే ఫొటోను 200×230కి తెస్తే మిగిలేవి 46 వేల చుక్కలే. ఒక్కోదానికి ఎనిమిది బిట్లకు పైగా దక్కి, ముఖం తేటగా నిలుస్తుంది.

కనుక తొలుత ముఖం, భుజాల వరకు కత్తిరించాలి. పిదప కొలతలు తగ్గించాలి. చివరగా నాణ్యతను సవరించాలి. పెయింట్‌లో కత్తిరింపు, కొలతల మార్పు సులువే కాని నాణ్యతను ఎంచుకునే వీలుండదు. ఉచితంగా లభించే గింప్‌లో నాణ్యతను జరుపుతూ ఫైలు ఎన్ని కేబీలకు వస్తుందో ముందుగానే చూసుకోవచ్చు. 20 కేబీల కంటే దిగినా చిక్కే, అప్పుడు నాణ్యతను కొంత పెంచితే సరిపోతుంది. ఫైలు పేరు చివర జేపీజీ అని దిద్దినంత మాత్రాన పీఎన్‌జీ ఫొటో జేపెగ్‌గా మారిపోదు.

ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది మరోమారు కుదించుకుపోతుంది. డాక్యుమెంట్ రూపంలో పంపడం మేలు. ఉచితంగా కుదిస్తామనే ముక్కూమొహం తెలియని వెబ్‌సైట్లకు సంతకం అప్పగించడం మాత్రం క్షేమం కాదు. కుదించిన ప్రతిని వేరే పేరుతో దాచుకుని, అసలు ఫొటోను అలాగే ఉంచుకోవాలి. తర్వాతి దరఖాస్తు మరో కొలత అడిగితే మళ్లీ దానినుంచే మొదలుపెట్టవలసి ఉంటుంది.