గడియారపు పట్టీని ఇంట బిగించుట ఎట్లు?

తాతగారి ఉక్కుపట్టీ గడియారము మనుమని చేత మోచేతిదాక జారుటకు కారణము, అది పెద్ద మణికట్టునకు సరిపడు లంకెలతో కూర్పబడియుండుటయే. లంకెకును లంకెకును నడుమ సన్నని చీల యొకటి దాగియుండును; పెక్కు పట్టీలలో నది జడపిన్నువలె రెండు పాయలుగా నుండి, ఆ పాయలు విడివడజూచుచు రంధ్రపు గోడలను సదా ఒత్తుచుండుటచేత, మరగాని జిగురుగాని లేకయే స్థిరముగా నిలుచును.

పట్టీ లోపలివైపున గల చిన్న బాణపుగుర్తే చీలను త్రోయవలసిన దిక్కు. మడిచిన తువాలుపై పట్టీని ప్రక్కవాటుగా నిలిపి, నోటీసుబోర్డున గ్రుచ్చెడు గట్టిపిన్ను మొనను రంధ్రమున నుంచి (గుండుసూది వంగిపోవును), పెద్దలు దగ్గరనుండగా మెల్లగా తట్టినచో చీలకొన వెలికివచ్చును. పిమ్మట పట్టకారుతో లాగవచ్చును. కొన్నింట చీలతోపాటు ఆవగింజంత గొట్టము రాలిపడును. అది పోయినచో పని చెడినట్లే.

కొక్కికి ఇరుప్రక్కల సమముగా లంకెలు తీయనిచో కొక్కి మణికట్టు అడుగున కుదురుకొనదు. చీలను మరల బాణమునకు ఎదురుగా, పాయలకొన కడపట దూరునట్లు, ఎక్కింపవలెను. తీసిన లంకెలను దాచుడు. ఎదుగు చేతికవి మరల కావలయును. పట్టీక్రింద చిటికెనవ్రేలు దూరినచో బిగువు సరిపోయినట్లే.