తాబేలు తిండి మానేసిందా? ముందు నీళ్లలో థర్మామీటర్ పెట్టండి



పుట్టినరోజుకో, దసరా సెలవుల్లోనో పిల్లలు ముచ్చటపడ్డారని ఆక్వేరియం షాపు నుంచి చిన్న ఆకుపచ్చ తాబేలును తెచ్చినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. చలికాలం మొదలయ్యాక ఆ పిల్లలు క్లాసులో అడిగే ప్రశ్న ఒకటే: "టీచర్, మా తాబేలు ఏమీ తినడం లేదు, ఎందుకు?" ఇంకో కంపెనీ ఫుడ్ కొన్నాం, అదీ ముట్టలేదు అంటారు.

కుక్కపిల్లకు బాగోలేకపోతే మూలుగుతుంది, మనకు తెలుస్తుంది. తాబేలు అలా కాదు. కదలకుండా ఉంటే నిద్రపోతోంది అనుకుంటాం. అలా అనుకుంటూనే పది రోజులు గడిచిపోతాయి. అందుకే ఈ విషయం వివరంగా రాస్తున్నాను. ఒక్క మాట గుర్తుంచుకోండి: తిండి మార్చేముందు అది ఉండే చోటు సరిచేయాలి.

మీ ఇంట్లో ఉన్నది ఏ తాబేలు?

కళ్ల వెనుక ఎర్రని చార ఉంటే అది రెడ్ ఇయర్డ్ స్లైడర్. దాని సొంత ఊరు అమెరికాలోని మిసిసిపి నది పరీవాహక ప్రాంతం. నెమ్మదిగా పారే నీళ్లలో ఈదుతూ, దుంగల మీదకెక్కి గంటల తరబడి ఎండ కాగడం దాని అలవాటు. ఈ వ్యాసం ఆ తాబేలు గురించే.

చిప్ప మీద నక్షత్రాల్లాంటి గీతలున్నా, మన చెరువులోనో కాలువలోనో దొరికినదైనా దాన్ని ఇంట్లో పెంచకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అటవీశాఖ వారికి అప్పగించండి.

వేడి లేనిదే ఆకలి లేదు

తాబేలు శీతలరక్త జంతువు అని పిల్లలు సైన్స్ పాఠంలో చదువుకుంటారు. దాని ఒంట్లో సొంతంగా వేడి పుట్టదు. చుట్టూ ఎంత వేడి ఉంటే దాని ఒళ్లూ అంతే. నీళ్లు చల్లబడితే అరుగుదల మందగిస్తుంది. అరగదు కాబట్టి ఆకలి వేయదు. ఇది మొండితనం కాదు.

మనకు హాయిగా ఉండే ఏసీ గది దానికి చలిగది. డిసెంబరు రాత్రుల్లో కిటికీ పక్కన పెట్టిన చిన్న తొట్టి ఇంకా త్వరగా చల్లబడుతుంది. అందుకని మొదట ఆక్వేరియం థర్మామీటర్ ఒకటి కొని నీళ్లలో పెట్టండి. పిల్ల తాబేలుకు నీళ్లు 26 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తగ్గితే థర్మోస్టాట్ ఉన్న ఆక్వేరియం హీటర్ అమర్చండి. కరెంటు వస్తువు కనుక ఆ పని పెద్దవాళ్లే చేయాలి. నీళ్లలో చేయి పెట్టేముందు ప్లగ్ తీయడం మరవకండి.

పొడిగా కూర్చునే చోటు, సూర్యరశ్మి

షాపువాళ్లు ఇచ్చే ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు తొట్టి చూడ్డానికి బాగుంటుంది కానీ అందులో తాబేలు పూర్తిగా ఆరే వీలుండదు. నీళ్ల పైకి వచ్చి ఒళ్లంతా ఆరబెట్టుకునేలా ఒక రాయో చెక్కో ఉండాలి. దాని మీద బల్బు వెలుతురుతో 32 డిగ్రీల వరకు వేడి తగలాలి.

వేడితో పాటు అతినీలలోహిత కిరణాలు కూడా కావాలి. అవి లేకపోతే ఒంట్లో డి విటమిన్ తయారవదు, కాల్షియం పట్టదు, చిప్ప మెత్తబడుతుంది. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ చాలదు. ఆ కిరణాలను గాజు చాలావరకు ఆపేస్తుంది. సరీసృపాల కోసం అమ్మే యూవీబీ లైటు రోజుకు 10 నుంచి 12 గంటలు వెలిగించవచ్చు. లేదా లేత ఎండలో వెడల్పాటి టబ్బులో అరగంట ఉంచవచ్చు. టబ్బులో సగం నీడ ఉండాలి. కాకులు, పిల్లులు రాకుండా దగ్గర ఒకరు ఉండాలి. గాజు తొట్టిని మాత్రం ఎప్పుడూ ఎండలో పెట్టకండి. నీళ్లు చూస్తుండగానే వేడెక్కిపోతాయి.

నీళ్లు, తిండి

తాబేలు నోట్లో లాలాజలం సరిగా ఊరదు. అందుకే స్లైడర్ నీళ్లలోనే మింగగలదు. గట్టు మీద పెట్టిన తిండి తినదు. ఆ నీళ్లలోనే అది విసర్జిస్తుంది కూడా. కాబట్టి నీళ్లు కంపు కొట్టేదాకా ఆగకండి. ఫిల్టర్ లేని చిన్న తొట్టి అయితే రోజు విడిచి రోజైనా మార్చాలి. కొత్త నీళ్లు అంతే వెచ్చగా ఉండాలి.

పిల్ల తాబేలు రోజూ తినాలి. పెద్దదానికి రెండు మూడు రోజులకోసారి చాలు, కాబట్టి ఒకపూట తినకపోతే కంగారు వద్దు. కొత్తగా ఇంటికి వచ్చినదీ భయంతో కొన్ని రోజులు తినకపోవచ్చు. పదేపదే చేతిలోకి తీసుకోకుండా వదిలేయండి.

చోటు సరిచేశాక ఉదయం పూట, అది కాసేపు వెచ్చగా కూర్చున్న తర్వాత తిండి పెట్టి చూడండి. చిన్న పచ్చి రొయ్య ముక్క, వానపాము కదులుతూ కనిపిస్తే చాలావాటికి ఆశ పుడుతుంది. తర్వాత మంచి పెల్లెట్లు, క్యారెట్ తురుము, లెట్యూస్ అలవాటు చేయండి. ఎండు రొయ్యలే రోజూ వేస్తే పోషకాలు చాలవు. అన్నం, బ్రెడ్డు, పాలు వద్దు. నోరు తెరిచి బలవంతంగా పెట్టడం అసలే వద్దు.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు?

కళ్లు వాచి మూసుకుపోతే తాబేలుకు తిండి కనిపించదు. ఏ విటమిన్ లోపం వల్ల ఇలా తరచుగా జరుగుతుంది. ముక్కు నుంచి బుడగలు, నోరు తెరిచి శ్వాస, ఒక పక్కకు ఒరిగి ఈదడం న్యుమోనియా లక్షణాలు. మెత్తని చిప్ప, చిప్ప మీద పుండ్లు కూడా ప్రమాదమే. వీటిలో ఏది కనిపించినా ఆగకండి. ఏ లక్షణమూ లేకపోయినా, వేడి సరిచేసిన తర్వాత వారం దాటినా తినకపోతే చూపించండి. వెటర్నరీ డాక్టర్లందరూ తాబేళ్లను చూడరు, కనుక ముందు ఫోన్ చేసి అడగండి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీలకు అనుబంధంగా ఆసుపత్రులు ఉన్నాయి.

పిల్లల చేతులు

ఆరోగ్యంగా కనిపించే తాబేలు మీద కూడా సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండవచ్చు. పిల్లలకు ఈ జబ్బు సోకుతోందనే, నాలుగు అంగుళాల కంటే చిన్న తాబేళ్లను పెంపకానికి అమ్మడాన్ని అమెరికా 1975లో నిషేధించింది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి. తొట్టిని వంటింటి సింకులో కడగకండి. ఐదేళ్లలోపు పిల్లలు దూరం నుంచి చూస్తే చాలు.

చెరువులో వదలకండి

"తినడం లేదు, పాపం, చెరువులో వదిలేద్దాం" అని చాలామంది జాలితోనే అంటారు. కానీ జబ్బు తాబేలు అక్కడ బతకదు. బతికితే మన చెరువుల తాబేళ్ల తిండికీ చోటుకీ పోటీ వస్తుంది. ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 ఆక్రమణ జాతుల జాబితాలో ఈ స్లైడర్ కూడా ఉంది. పెంచలేకపోతే పెంచగలిగిన వారికి ఇవ్వండి.

ఇంకా కొననివారు ఒక్కసారి లెక్క వేసుకోండి. అరచేతిలో ఇమిడే ఈ తాబేలు పళ్లెమంత పెరుగుతుంది, 20 ఏళ్లకు పైగా బతుకుతుంది. ఇప్పుడు ఐదో తరగతిలో ఉన్న మీ అమ్మాయి ఉద్యోగంలో చేరాక కూడా దానికి నీళ్లు మార్చాలి.

ఇప్పటికే ఇంట్లో ఉంటే, పిల్లలకు ఒక చిన్న నోట్‌బుక్ ఇవ్వండి. తేదీ, నీళ్ల వేడి, ఏం పెట్టాం, ఎంత తింది, కళ్లు ఎలా ఉన్నాయి అని రోజుకు ఒక లైను రాయించండి. "ఏమీ తినడం లేదు" అనే మాటకంటే ఆ పేజీ డాక్టరుగారికి ఎంతో ఉపయోగపడుతుంది. ఆ నోట్‌బుక్‌ను స్కూలుకు కూడా పంపించండి. క్లాసులో అందరం కలిసి చదువుతాం.

మీ పిల్లల క్లాస్ టీచర్